ఏజెంటు మావ వాకబు

నా పెళ్ళి సంబంధం వాకబు మా ఢిల్లీశ్వరరావు మావకి అప్పజెప్పారని తెలిసిన రోజున నేను ఒక పూట అన్నం మానేశాను. మా అమ్మ రత్నాలమ్మ దానికేమీ లొంగలేదు.

"ఆడు కాపోతే ఇంకెవులెల్తారే? జీడి సీజన్లో మీ నాన్న తోట ఒగ్గి కదుల్తాడేటి?" అంది.

మావ అమ్మకి తమ్ముడు. పెళ్ళీ పెటాకులూ లేకుండా మా ఇంట్లోనే ఉండి, పూండి దగ్గరున్న మా జీడితోట, కొబ్బరితోట పని చూసేవాడు. ఊరంతా ఆయన్ని 'ఏజెంటు' అని పిలిచేది. వెనకాల కాదు, మొహం మీదే. ఆయన గర్వంగా పలికేవాడు కూడా.

ఆ పేరు కాశీబుగ్గ సినిమాహాల్లో పుట్టింది. అక్కడ ఉదయం ఆటకి తెలుగులో మాటలు పెట్టిన ఇంగ్లీషు గూఢచారి సినిమాలు వేసేవారు. అసలైనవి కావు, అసలైనవాటిని వెక్కిరిస్తూ తీసిన తమాషా సినిమాలు. హీరో గొడుగు తెరిస్తే తుపాకీ పేలాలి. పేలదు, పైనుంచి వాన పడుతుంది. తప్పు మనిషిని పట్టుకుని దేశదేశాలు తిరుగుతాడు. విందులో దొంగమీసం ఊడి సూపులో పడితే చెంచాతో తీసి మళ్ళీ అతికించుకుంటాడు. చివరికి విలన్ తనంతట తనే కాలుజారి హీరో మీద పడతాడు, హీరో పట్టుకున్నట్టు లెక్క. హాలంతా పడీపడీ నవ్వేది. మా మావ ఒక్కడే నవ్వేవాడు కాదు. అవి నవ్వుకోవడానికి తీసినవని పాపం ఆయనకెవరూ చెప్పలేదు. "మనిషి పేనాల మీదకొచ్చి ఉజ్జోగం సేత్తంటే ఆ ఇకిలింపులేట్రా?" అని వెనక వరసవాళ్ళని కసిరేవాడట. గూఢచర్యమంటే అదేనని నమ్మి, ఆ హీరోల దగ్గర శ్రద్ధగా విద్య నేర్చుకున్నాడు.

మా వైపు ఒక సంబంధం అనుకున్నాక, పెళ్ళిచూపులకి ముందే రెండు వైపులవాళ్ళూ ఒక మనిషిని పంపి చుట్టుపక్కల గుట్టుగా అడిగిస్తారు. కుర్రాడు తాగుతాడా, భూమి ఎవరి పేరు మీద ఉంది, తల్లి నోరు ఎలాంటిది, ఇలాంటివి. మా ఉద్దానం ఊళ్ళలో ఇంకో ప్రశ్న కూడా ఉంది. ఆ ఇంట్లో ఎవరికైనా కిడ్నీ జబ్బుందా? ఈ ప్రశ్న అడగని ఇల్లు లేదు, నిజం చెప్పే ఇల్లు కూడా లేదు. చెబితే ఆ ఇంటికి పిల్లనివ్వరు, ఆ ఇంటి పిల్లని చేసుకోరు.

కిందటేడు హరిశ్చంద్రపురం సంబంధానికీ మావే వెళ్ళాడు. పశువుల బేరగాడి వేషం. వాళ్ళ దూడ నోరు తెరిచి పళ్ళు చూస్తూ, దాని పలుపు పట్టుకుని నిలబడ్డ కుర్రాణ్ణి, "ఈ ఇంట్లో పెళ్ళికొడుకు తాగుతాడంట, నిజివేనేటి?" అని అడిగాడు. ఆ కుర్రాడే పెళ్ళికొడుకు. ఆ సంబంధం అక్కడితో సరి.

ఇప్పుడిది కవిటి సంబంధం. మా నాన్న సూర్యారావే ఎక్కడో కుదిర్చి తెచ్చాడు. కుర్రాడి పేరు మోహన్, టెక్కలిలో గ్రానైటు యార్డులో సూపర్‌వైజరు. వచ్చే నవ్వుని ఫొటో కోసం ఆపుకుంటున్న మొహం. నాకు నచ్చింది. ఆ ఫొటో దిండు కింద పెట్టుకున్న దగ్గర్నుంచి, ఈ సంబంధం మాత్రం పోకూడదని నాకు పట్టుదల పుట్టింది. అందుకే అన్నం మానేశాను.

తుపాను మా కొబ్బరిచెట్లని సగం పడగొట్టిపోయాక అది నాలుగో వేసవి. జీడిపళ్ళ పుల్లటి వాసన ఊరంతా పట్టేసింది. మావ ప్రయాణమయ్యే రోజున అందరం భోజనాలకి కూర్చున్నాం. మావ కొబ్బరికాయల బేరగాడి వేషంలో, నల్లకళ్ళజోడు నెత్తిమీదకి తోసుకుని పప్పన్నం కలిపాడు.

"అప్పా, ఈ మజ్జ నీ వంటకేటైంది? పప్పులో ఉప్పు నేదు, పులుసులో ఉప్పు నేదు."

"నీ బీపీకి మంచిదిరా."

"నాకు బీపీ నేదు కదే!"

"వత్తాదిలే, తిను" అంది అమ్మ.

నాన్న తల వంచుకుని నవ్వాడు. "ఒరే ఢిల్లీసూ, అక్కడ మాత్రం నోరు మూసుకుని సెవులు తెరు. అదొక్కటి సేసినావంటే సాలు" అన్నాడు.

సాయంత్రానికి మావ ఆటో నిండా కొబ్బరికాయలతో తిరిగొచ్చాడు. కొబ్బరితోట ఉన్న ఇంటికి ఆటోకి ఆటో కొబ్బరికాయలు! ఎక్కడైనా బేరగాడు ధర తగ్గించమంటాడు. మా మావ తన మీద అనుమానం రాకూడదని వాళ్ళు చెప్పినదానికి కొంత కలిపి చెప్పాడట. కవిటివాళ్ళు ఆనందం పట్టలేక దగ్గరుండి ఎక్కించి పంపించారు. అమ్మ నెత్తి కొట్టుకుంటే మావ నింపాదిగా, "వేషానికి కరుసవుద్దప్పా. కేసు నడత్తంది. ఇప్పుడే ఏటీ సెప్పను" అన్నాడు.

మర్నాడు జీడిపిక్కలు ఏరుతుంటే నన్ను ఒక్కదాన్నీ చెట్టు చాటుకి పిలిచాడు.

"ధరణీ, పెళ్ళికొడుకు మంచోడే. ఇల్లూ మంచిదే. ఆ రామూర్తిగారు, పెళ్ళికొడుకు తండ్రి, నాకు సొయంగా బొండం కొట్టిచ్చినాడు. పిసరంత అనుమానం రాలేదు. గాని ఆ మనిషిలోనే ఉందే అసలు గుట్టు."

ఏరిన పిక్కలు కింద పెట్టేశాను. "ఏటి మావా?"

"నెలకి రెండుసార్లు ఇస్తిరీ బట్టలేసుకుని, కేరేజీ అట్టుకుని, ఇసాపట్నం రైలెక్కుతున్నాడు. ఎందుకో ఇంట్లో ఎవులికీ తెల్దు." మావ గొంతు తగ్గించాడు. "చిన్నిల్లు."

"ఎవరైనా చెప్పారా?"

"సెప్పాలేటి? ఇస్తిరీ బట్టలే సెప్తన్నాయి. ఈ మాట మీ యమ్మకి తెలిసిందంటే సంబంధం పెటీల్మంటాది. రుజువు కావాల. నివ్వు నా కూడా రా. సినిమాల్లో ఏ ఏజెంటూ పక్కనో ఆడమనిషి లేకండా ఎల్లడు."

నాకు విశాఖపట్నం యూనివర్సిటీలో డిగ్రీ సర్టిఫికెట్ తెచ్చుకునే పని ఎలాగూ ఉంది. మావ ఒక్కడూ వెళ్తే రామూర్తిగారి మెడ మీదే పడతాడని భయం కూడా ఉంది. సరేనన్నాను.

మావ రామూర్తిగారు వెళ్ళే రోజు ఆరా తీశాడు. పూండిలో ఎక్కితే ఎవరైనా గుర్తుపడతారని మావ నన్ను ముందే పలాస తీసుకెళ్ళి అక్కడ పాసింజరు ఎక్కించాడు. నాటకాలవాళ్ళ దగ్గర తెచ్చిన గడ్డం పెట్టుకున్నాడు. చెమటకి జిగురు కరిగి అది కొద్దికొద్దిగా ఎడమవైపుకి ప్రయాణిస్తోంది. చాటుగా చూడ్డానికి పేపరుకి రెండు కన్నాలు చేసి తెచ్చాడు. ఎదుటి ఆసామి "ఓపాలి పేపరిత్తారేటి, సదివిచ్చీత్తాను" అని తీసుకుని, కన్నాలు చూసి, మావని చూసి, మారుమాట లేకుండా మడిచి ఇచ్చేశాడు. నేను చున్నీ తలమీంచి కప్పుకుని, మొహం కిటికీ వైపు తిప్పుకుని కూర్చున్నాను.

మా వీపుకి వీపు ఆనించినట్టు, వెనక సీట్లో రామూర్తిగారు ఉన్నాడు. నిజంగానే ఇస్త్రీ చొక్కా, ఒళ్ళో క్యారేజీ. పక్క చోటులో తువ్వాలు పరిచి ఉంచాడు. ఎవరో కూర్చోబోతే వారించాడు.

"మనిషున్నాడు బాబూ, పూండిలో ఎక్కుతాడు."

మావ మోచేత్తో నన్ను పొడిచాడు. "ఇన్నావా? పూండిలోనట! మన కాళ్ళ కిందే ఎట్టినాడే చిన్నిల్లు!" అంటూ గుసగుసగా పొంగిపోయాడు. "మనిషున్నాడు అంటన్నాడు గాని మనిషుంది అన్లేదు సూడు. కోడు భాష!"

రైలు పూండిలో ఆగింది. ఎక్కేవాళ్ళ మధ్య నుంచి తెల్లచొక్కా వేసుకున్న ఒక మనిషి వచ్చి, తువ్వాలు తీసి భుజాన వేసుకుని, ఆ చోట్లో కూర్చున్నాడు. మా నాన్న. పొద్దున్నే పలాస జీడి ఫ్యాక్టరీకి వెళ్తున్నానని అమ్మతో చెప్పిన నాన్న.

నేనూ మావా ఒక్కసారే తలలు కిందకి దించేశాం.

"రిపోర్టు తెచ్చినావా బావా?" రామూర్తిగారి గొంతు.

"తెచ్చినాను. మొన్నటి కన్నా పెరిగింది. ఇలాగే పెరిగితే మిసను మీద పడుకోబెట్టాలంటన్నాడు డాకటరు. నీది?"

"నాదీ అంతే. కూడబలుక్కున్నట్టు పెరుగుతున్నాయి." ఇద్దరూ నవ్వారు.

ఉద్దానంలో పుట్టినదాన్ని, ఏ రిపోర్టో, ఏ మిషనో నాకు ఇంకెవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. మావకీ అక్కర్లేదు. 

"మీ ఏజెంటు బావున్నాడా?" అన్నాడు రామూర్తిగారు.

"బావున్నాడు. నివ్వు ఆడికి ఆటో నిండా కొబ్బరికాయలు అంటగట్టీసినావట."

"నానుకాదు, ఊరోళ్ళు. ఆటో దిగీసరికే పూండోళ్ళు వాకబుకొచ్చినారని ఊరందరికీ తెలిసిపోనాది. నల్లకళ్ళజోడెట్టుకుని కొబ్బరి బేరానికి ఎవుడొత్తాడు బావా? ఎండలో తిరిగి తిరిగి నీరసపడిపోనాడు. జాలేసి బొండం కొట్టిచ్చినాను."

నేను మావ వైపు చూడలేకపోయాను. చూడకుండా ఉండలేకపోయాను కూడా. గడ్డం చెవి దగ్గరికి చేరుకుంది. దాన్ని సర్దుకునే ధ్యాస కూడా లేదు ఆయనకి.

"ఇంట్లో సెప్పినావా?"

"ఎలా సెప్తాను?" నాన్న గొంతు నెమ్మదించింది. "సెప్తే పెళ్ళి ఆపీసి నన్ను ఆసుపత్రుల సుట్టూ తిప్పుతారు. ముందు మా ధరణి గుంట పెళ్ళి అయిపోనీ. ఈలోపు నానింకా నడుత్తన్నాను కదా."

"మన సంగతి తెలిస్తే ఎవులూ పిల్లనివ్వరు, పిల్లని సేసుకోరు."

"అందుకే కదేటి మనిద్దరం కలుపుకుంటన్నాం! ఆసుపత్రి బల్ల మీద పక్కపక్కన కూకున్నోళ్ళం. నీ గుట్టు నాకు తెలుసు, నా గుట్టు నీకు తెలుసు. అంతకన్నా వాకబేటి బావా?"

 ఎక్కడో కుదిర్చి తెచ్చాడనుకున్న సంబంధం అక్కడ కుదిరిందన్నమాట! ఫొటోలో మొహం, నా పట్టుదల, అన్నీ ఎక్కడికో పోయాయి. లేచి ఆ పక్కకెళ్ళి నాన్నని పట్టుకోవాలనిపించింది. లేవబోయాను కూడా. మావ నా మణికట్టు పట్టుకున్నాడు.

"కూకో" అన్నాడు పెదాలు కదలకుండా. "మీ నాన్న ఇన్నాళ్ళు ఎంతో కట్టపడి దాసుకున్నాడే. ఒక్క నిమిషంలో పాడు సేసీకు." మళ్ళీ, "ఏజెంటంటే మా బావేనే. ఒకే ఇంట్లో ఉండి ఒకే కంచంలో తింటన్నాం, నాను కనిపెట్టలేపోనాను" అన్నాడు. ఆయన కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి.

గడ్డం వెంట్రుకలు ముక్కులోకి పోయాయి కాబోలు, అంతలోనే మావ బోగీ అదిరేలా తుమ్మాడు. వెనక మాటలు ఆగిపోయాయి.  కొంచెంసేపటికి నాన్న తీరిగ్గా ఈ ఏడు జీడిపిక్కల నాణ్యం గురించి చెప్పడం మొదలుపెట్టాడు. బతికిపోయాం అనుకున్నాం.

యూనివర్సిటీలో గుమస్తా, సర్టిఫికెట్ మీద సంతకం కాలేదు, వైశాఖం చివర రమ్మన్నాడు. దానికోసం ఊరునుంచి వచ్చానన్న సంగతే నాకు అప్పటికి గుర్తులేదు.

ఇంటికొచ్చాక అమ్మ మావని నిలదీసింది. "ఏట్రా నీ కేసు? ఏటి తేల్చినావు?"

మా మావ నోట్లో నువ్వుగింజ నానదు. ఇప్పుడంతా కక్కేస్తాడని నేను గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. ఆయన కాళ్ళు కడుక్కుని, తుడుచుకుని, పీట మీద కూర్చుని, "మచ్చలేని మనుసులప్పా. ఆయన ఇసాపట్నంలో కొబ్బరి పీచు యాపారం సూసుకుంటన్నాడు. కళ్ళు మూసుకుని పిల్లనిచ్చీవొచ్చు" అన్నాడు. తడబాటు లేదు, రెప్పపాటు లేదు. ఆయన జీవితంలో అతికినట్టు ఆడిన అబద్ధం అదొక్కటే. అమ్మ ఆయన మొహం కేసి చాలాసేపు చూసి, "అయితే మంచిదే కదా" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

పెళ్ళిచూపులు జరిగాయి. జ్యేష్ఠంలో ముహూర్తం పెట్టారు. ఏమైనా అడగాలనుంటే అడగమని మోహన్ పెరట్లో మర్యాదగా అన్నాడు. "మీ నాన్నగారిని బాగా చూసుకోండి" అన్నాను. అది ప్రశ్న కాకపోయినా ఆయన, "అలాగేనండి" అన్నాడు. ఆ నవ్వు ఆపుకునే మొహం ఫొటోలోదే.

ఇక మా మావ అసలు ఆపరేషన్ అప్పుడు మొదలైంది. నాన్న 'ఫ్యాక్టరీకి' బయల్దేరిన ప్రతిసారీ ఆయనకన్నా ముందు మాయమయ్యేవాడు. ఒకసారి కాషాయం కట్టాడు, ఒకసారి బుట్టతో శనక్కాయలవాడయ్యాడు. నిజంగానే అందరూ కొనేసరికి అసలు వ్యాపారిలా లెక్క చూసుకుంటూ ఉండిపోయి దిగాల్సిన స్టేషన్ దాటిపోయాడట. ఏ వేషమైనా కాచి చల్లార్చిన నీళ్ళ సీసా చంకలో, బిస్కట్లు సంచిలో ఉండేవి. నాన్న వెనక సీటే ఆయన సీటు. "తూలి పడిపోతే అట్టుకోడానికి మనిషుండాల కదే" అనేవాడు నాతో. విశాఖలో దిగాక ఆసుపత్రి గేటు దాకా వెళ్ళి, ఎదుటి టీకొట్టులో కాపలా కూర్చుని, మళ్ళీ వెనకే వచ్చేవాడు.

వైశాఖం చివర సర్టిఫికెట్ కోసం నేనూ వెళ్ళాను. ఆ రోజు మావ పంతులుగారి వేషంలో ఉన్నాడు. గడ్డం మాత్రం మార్చలేదు, ఎందుకంటే ఉన్నది అదొక్కటే. పూండిలో నాన్న ఎక్కుతుంటే కమ్మీ పట్టుకుని ఆగి, ఊపిరి తీసుకుని ఎక్కాడు. పాదాలకి వాపు. మొహం నల్లబడింది. వెనక నుంచి చూస్తూ నేను చున్నీ నోట్లో కుక్కుకున్నాను. ఎండ మండిపోతోంది. ఫ్యాను తిరగడం లేదు. రామూర్తిగారు తువ్వాలుతో ఆయనకి విసురుతున్నాడు.

కోటబొమ్మాళి దాటాక నాన్న చెయ్యి సీటు పక్కనుంచి మా వైపుకి వచ్చింది. తల తిప్పలేదు. అరచెయ్యి మాత్రం తెరిచి పట్టుకున్నాడు.

"ఒరే ఏజెంటూ, ఆ నీళ్ళిటియ్యి."

మావ కొయ్యబారిపోయాడు. తర్వాత ముక్కుతో ఒక గొంతు తెచ్చుకుని, "ఎవరనుకున్నారు నాయనా, మేము బరంపురం..." అని మొదలుపెట్టాడు.

"గడ్డం తిరగబడింది, ఎక్కుతుంటేనే సూసినాను."

మావ గడ్డం పీకి జేబులో పెట్టుకుని, సీసా మూత తీసి ఆ చేతిలో పెట్టాడు. నాన్న తాగాడు. వీపు మాత్రమే కనిపిస్తోంది మాకు.

"ఎప్పుడు కనిపెట్టినావు బావా?"

"మొదటి రోజే. నీలా తుమ్మీవోడు ఈ జిల్లాలో ఇంకొకడు నేడు."

"మరెప్పుడూ సెప్పలేదేటి?"

"అంత కట్టపడి దాసుకుంటన్నావు. పాడు సెయ్యడం దేనికని." నాన్న మూతి తుడుచుకున్నాడు. "ఆ ముసుగులో ఉన్న గుంటని కూడా ఇటు రమ్మను. ఎంతసేపని చున్నీ నవుల్తాది?"

నేను వెళ్ళి ఆయన పక్కన కూలబడి, భుజం మీద తలపెట్టి ఏడ్చేశాను. ఆయన నా తల నిమురుతూ కూర్చున్నాడు. రామూర్తిగారు తను జరిగి, తువ్వాలు దులిపి, ఎదురు సీట్లో మావకి చోటు చేశాడు. "కూకో ఏజెంటు బావా. కొబ్బరి బేరం ఎలాగుంది?" అన్నాడు. మావకి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చి, మళ్ళీ తుమ్మాడు.

"అమ్మకి చెబుదాం నాన్నా" అన్నాను.

"వద్దే. పెళ్ళి అయ్యేదాకా దానికి మాత్రం తెలీకూడదు. మనింట్లో నిమ్మళంగా ఉన్నది అదొక్కత్తే" అని నాన్న క్యారేజీ విప్పాడు. "రండి, తలో ముద్ద తిందాం. బాగుండదనుకో. మాగమాసం కాడ్నించి మీ యమ్మకి వంట సెయ్యి తప్పిపోనాది, దేన్లోనూ ఉప్పెయ్యడం మర్సిపోతంది. అడిగితే ఢిల్లీసు బీపీ అంటది. పోన్లే, డాకటరూ నన్ను ఉప్పు మానీమన్నాడు, నా పాలిట కలిసొచ్చింది."

రామూర్తిగారి చెయ్యి ముద్ద దగ్గర ఆగిపోయింది. ఆయన నావైపు చూశాడు. నేను మావ వైపు చూశాను. మావ పప్పు కేసి చూస్తూ నోరు తెరిచాడు. ఆ వేసవంతా ఆ వంటని తిట్టుకుంటూ తిన్న మనిషి కళ్ళలో ఒక్కో రోజు పప్పూ, పులుసూ, అమ్మ మొహమూ వరసగా తిరగడం నాకు తెలుస్తూనే ఉంది. నేను ఆయన కాలు గట్టిగా తొక్కాను.

"ఏట్రా అలా సూత్తన్నావు?" అన్నాడు నాన్న. "సప్పగుందేటి?"

మావ ఒక ముద్ద కలిపి నోట్లో పెట్టుకుని, నెమ్మదిగా నమిలి, మింగాడు.

"నేదు బావా" అన్నాడు. "అప్ప సరిగ్గానే ఏసింది ఉప్పు."